హెడ్‌ఫోన్ సవరణ: ఇంటి పద్ధతులు

హెడ్‌ఫోన్ కుషన్లు, కప్పు లోపలి మెత్త, గాలి రంధ్రాలు, తీగ వంటివాటిని మార్చి వినపడే ధ్వనిని సరిదిద్దుకోవడాన్ని హెడ్‌ఫోన్ సవరణ అంటారు. అలవాటున్నవాళ్లు దీన్ని మోడింగ్ అని, ఒక్కో మార్పును మోడ్ అని, చేసేవాళ్లను మోడర్లు అని అంటారు. శబ్దాన్ని పుట్టించే డ్రైవరును సాధారణంగా ఇంట్లో ముట్టుకోరు. ఇంట్లో జరిగే సవరణలో ఎక్కువ భాగం ఆ డ్రైవరుకు ముందూ వెనకా ఉన్న గాలి మీదే. ఆ గాలి ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో, ఎంత నెమ్మదించాలో నిర్ణయించడానికి కావలసిన సరంజామాలో చాలా భాగం మెడికల్ షాపులో, పరుపుల కొట్టులో, సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కాబట్టి ఈ పనికి హైదరాబాదు కోఠీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే గుజరాతీ గల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. ఏలూరులోనో జంగారెడ్డిగూడెంలోనో ఉండి కూడా చేసుకోవచ్చు.

డ్రైవరు, దాని చుట్టూ ఉన్న గాలి

తలకు పెట్టుకునే మామూలు హెడ్‌ఫోన్‌లో 30 నుంచి 50 మిల్లీమీటర్ల వ్యాసం గల డైనమిక్ డ్రైవరు ఉంటుంది. తలవెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర, దానికి అతికిన సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు దగ్గరగా అయస్కాంతం ఇందులోని ముఖ్య భాగాలు. చుట్టలో విద్యుత్తు పారినప్పుడు పొర ముందుకీ వెనక్కీ కదులుతుంది. ముందువైపు పుట్టిన ధ్వని చెవికి చేరుతుంది. వెనకవైపు పుట్టినది కప్పులోకి పోతుంది. వెనకభాగం మూసి ఉంటే క్లోజ్‌డ్ బ్యాక్ అనీ, జాలీ ఉండి గాలి బయటికి పోతుంటే ఓపెన్ బ్యాక్ అనీ అంటారు.

బేస్ (అడుగు స్వరాల) విషయంలో హెడ్‌ఫోన్ లౌడ్‌స్పీకరులా పనిచేయదు. కుషన్ చర్మానికి సరిగా ఆనుకుంటే డ్రైవరుకూ కర్ణభేరికీ మధ్య ఒక చిన్న గాలి గది ఏర్పడుతుంది. పొర కదిలినంత మేర ఆ గదిలో పీడనం పెరిగి తగ్గుతుంది. డప్పు దెబ్బలోని బరువు వినపడేది ఈ పీడనం వల్లే. కళ్లద్దాల కాడ పక్కనో, ఒత్తైన జుట్టు సందులోనో గాలి కాస్త తప్పించుకున్నా ముందుగా పోయేది అట్టడుగు బేసే. మధ్య స్వరాలు, గొంతు మామూలుగానే వినిపిస్తాయి కాబట్టి శ్రోత తప్పు డ్రైవరుదనుకుంటాడు. ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

కప్పు వెనక గాలి కథ వేరు. ధ్వని అక్కడి గట్టి ప్లాస్టిక్ గోడలకు తగిలి తిరిగొచ్చి పలచని పొరలోంచి మళ్లీ ముందుకొస్తుంది. ఎదురెదురు గోడల మధ్య 5 సెంటీమీటర్ల దూరం ఉంటే, ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి, 3,400 హెర్ట్జ్ దగ్గర ఒక నిలకడ తరంగం ఏర్పడుతుంది. మనిషి చెవి అతి చురుగ్గా వినే ప్రాంతం కూడా అదే. చవక హెడ్‌ఫోన్లలో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం.

మరో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. చెవి నాళం తన పొడవును బట్టి సహజంగానే 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని పెంచుతుంది. ఎదురుగా ఉన్న మనిషి మాట ఆ పెంపుతోనే మెదడుకు అందుతుంది. కాబట్టి కొలత యంత్రం మీద సరళరేఖలా కనిపించే హెడ్‌ఫోన్ చెవికి సహజంగా ఉండదు. అక్కడ ఒక గుట్ట ఉండాలి. 2013 నుంచి హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ ప్రచురించిన పరిశోధనలు ఎక్కువమంది శ్రోతలు ఇష్టపడే ఆకృతిని గీసి చూపాయి. 3,000 హెర్ట్జ్ దగ్గర గుట్ట, 100 హెర్ట్జ్ దిగువన కొంత ఎత్తు, పైస్థాయిలో నెమ్మదైన దిగుడు ఆ ఆకృతి లక్షణాలు. నేటి మోడర్లలో చాలామందికి దారి చూపేది ఈ రేఖే.

పూర్వరంగం

హెడ్‌ఫోన్ పుట్టుకలోనే ఇంటి పని ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో చేసిన హెడ్‌ఫోన్లను 1910లో అమెరికా నౌకాదళం పరీక్షించి, కొనడం మొదలుపెట్టింది. జర్మనీలో యూజెన్ బేయర్ 1937లో డీటీ 48తో డైనమిక్ హెడ్‌ఫోన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. 1958లో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తయారు చేశాడు. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414 పసుప్పచ్చ స్పాంజి కుషన్లతో వచ్చింది. వెనకభాగం తెరిచి ఉంచడం అనే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది అదే.

తెలుగునాట చాలాకాలం హెడ్‌ఫోన్‌తో పెద్దగా పని పడలేదు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల్లో పాట అంటే నలుగురూ కలిసి రేడియో ముందు వినేదే. ఆ తర్వాత క్యాసెట్ల కాలంలో శబ్దాన్ని సవరించుకోవాలన్న కోరిక స్పీకర్ల మీద తీర్చుకున్నారు. మెకానిక్కు బిగించిచ్చిన ఆంప్లిఫయరు, వడ్రంగి చేసిన చెక్కపెట్టె, ఇంకా చవకగా కావాలంటే మట్టికుండ. కుండ మూతి మీద స్పీకరు బోర్లించి పైకప్పు మూలకు వేలాడదీస్తే బేస్ బరువెక్కుతుందని పల్లెల్లో కుర్రకారుకు అనుభవంతో తెలుసు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించిన గాలిగది సూత్రాన్నే వాళ్లు పేరు తెలియకుండా వాడుకున్నారు. కుండ పరిమాణాన్ని బట్టి, మూతి దగ్గర వదిలిన సందును బట్టి ఏ స్వరం పెరుగుతుందో మారుతుంది. హెడ్‌ఫోన్ కప్పులో చిన్న రంధ్రం తెరిచినా మూసినా జరిగేది సరిగ్గా ఇదే లెక్క, కొలతలే చిన్నవి.

కుషన్లు

మార్చడానికి అతి తేలికైనది, ధ్వనిని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది కుషనే. కొత్త కుషన్ అంటే చాలామందికి సుఖం గుర్తొస్తుంది గానీ, నిజానికి అది డ్రైవరు ముందున్న గాలి గదికి గోడ. గోడ మందం పెరిగితే డ్రైవరు చెవికి దూరమవుతుంది, గది పెద్దదవుతుంది, పాట వినిపించే వేదిక విశాలమైనట్టు అనిపిస్తుంది, మధ్య స్వరాలు కాస్త వెనక్కి పోతాయి. లోపలి రంధ్రం ఇరుకైతే పైస్వరాల్లో గుట్టలు చోటు మారుతాయి. లెదర్ తరహా కుషన్ గాలిని పట్టి ఉంచుతుంది, బేస్ నిలుస్తుంది. మఖ్‌మల్‌లాంటి వెలోర్ గుడ్డలోంచి గాలి కొంత తప్పించుకుంటుంది, బేస్ తగ్గి శబ్దం తేలికపడుతుంది. ఒకే హెడ్‌ఫోన్‌కు ఈ రెండూ మార్చి మార్చి పెట్టి చూస్తే రెండు వేర్వేరు కంపెనీల సరుకేమో అనిపిస్తుంది.

అమెరికాలోని బ్రూక్లిన్‌లో తయారయ్యే గ్రాడో హెడ్‌ఫోన్ల విషయంలో ఈ మార్పు ఒక సంప్రదాయమే అయింది. పాత సెన్‌హైజర్ హెచ్‌డీ 414 పసుపు స్పాంజి కుషన్లను తెచ్చి, మధ్యలో పావు డాలరు నాణెం అంత రంధ్రం కత్తిరించి గ్రాడోలకు తొడుగుతారు. నాణేన్ని స్పాంజి మీద పెట్టి చుట్టూ పెన్నుతో గీసుకోవడమే కొలత. రంధ్రం లేకపోతే స్పాంజి పైస్వరాలను మింగేస్తుంది, పెద్దదైతే శబ్దం మళ్లీ కీచుమంటుంది. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో లాంటి చిన్న హెడ్‌ఫోన్లకు కూడా బయటి సంస్థలు చేసే స్పాంజి కుషన్లు తొడగడం మామూలే.

తేమ ఎక్కువగా ఉండే ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల వాళ్లకు కుషన్ విషయంలో అదనంగా ఒక బెడద ఉంది. చవక కుషన్ల పైపొర అసలు తోలు కాదు, గుడ్డ మీద పూసిన పాలీయురెథేన్. గాలిలోని తేమ ఆ ప్లాస్టిక్ అణుబంధాలను మెల్లగా విడగొడుతుంది. చెమట, తలనూనె దానికి తోడవుతాయి. పొర పగిలి నల్లటి పొట్టు చెవుల చుట్టూ అంటుకోవడం మొదలైందంటే చూడ్డానికి అసహ్యంగా ఉండటమొక్కటే కాదు, గాలి గోడకు చిల్లు పడినట్టే. వేసవి ఉక్కపోతలో రోజూ వాడే హెడ్‌ఫోన్‌కు ఇది తొందరగా వస్తుంది. వాడనప్పుడు బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత ఉన్న డబ్బాలో ఉంచితే కుషన్ వయసు పెరుగుతుంది. వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడవడం ఇంకా మేలు. స్పిరిట్‌తో తుడిస్తే పొర తొందరగా ఎండి బీటలు వారుతుంది.

కుషన్ సరిగా ఆనుకుంటే మరో లాభం ఉంది. జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు వచ్చే ఆర్టీసీ బస్సులో ఇంజను రొద కప్పులోకి ఎంత తక్కువ వస్తే పాట అంత తక్కువ వాల్యూమ్‌లో వినవచ్చు. పెద్దలకు 80 డెసిబెల్ స్థాయిలో వారానికి 40 గంటలు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. డెసిబెల్ పెరిగేకొద్దీ ఆ గంటలు చకచకా తరిగిపోతాయి.

కప్పు లోపలి మెత్త

కప్పు విప్పితే చాలా చవక రకాల్లో ఖాళీ ప్లాస్టిక్ కనిపిస్తుంది, లేదా నామమాత్రంగా ఒక పలచని స్పాంజి ముక్క ఉంటుంది. ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి, వీటిని కలగలిపితే ఫలితం రాదు. గోడ తానే కంపించకుండా చేయడం మొదటిది. దానికి బరువైన, జిగురు గల పదార్థం కావాలి. కార్ల డోర్లలో శబ్దం తగ్గించడానికి అతికించే బ్యూటైల్ షీటు దీనికి తగినది. పిల్లలు బొమ్మలు చేసే, ఎండిపోని మైనపు ముద్ద కూడా పనికొస్తుంది. కప్పును వేలితో తడితే ముందు టక్కుమని, అతికించాక దబ్బుమని శబ్దం వస్తే పని అయినట్టే. అంతకుమించి అతికిస్తే మెడనొప్పే మిగులుతుంది.

లోపలి గాలిలో తిరిగే ధ్వనిని మింగేయడం రెండోది. దీనికి దూది, ఉన్ని, ఫెల్టు, దిండ్లలో నింపే పాలిస్టర్ పోగు వంటివి కావాలి. పోగుల సందుల్లో గాలి కణాలు రాసుకుని ధ్వనిశక్తి వేడిగా మారుతుంది. 1965లో ఏ. ఆర్. బెయిలీ లౌడ్‌స్పీకరు పెట్టెల్లో పొడవు పోగుల గొర్రె ఉన్ని నింపి చూపినప్పటి నుంచి ఉన్నికి ఈ రంగంలో మంచి పేరుంది. ఏలూరు తివాచీలు అల్లే ఊరు కాబట్టి ఉన్ని పీచు అక్కడివాళ్లకు వింత వస్తువేమీ కాదు. పల్లెల్లో దిండ్లకు వాడే బూరుగు దూది కూడా మంచిదే. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, ధ్వనిని బాగా మింగుతుంది. గింజలు, నలకలు ఏరి పలచని గుడ్డలో చుట్టకుండా మాత్రం పెట్టకూడదు. పోగు డ్రైవరు వెనక రంధ్రాల్లోంచి పొరకు తగిలితే ప్రతి బేస్ దెబ్బకూ గరగరమంటుంది.

స్పాంజి కొనేటప్పుడు ఒక తేడా చూసుకోవాలి. ముక్కను పెదాలకు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. అది తెరిచిన గదుల స్పాంజి, ధ్వనిని మింగేది అదే. గాలి పోకపోతే అది సామాను ప్యాకింగులో వాడే మూసిన గదుల రకం. అది ధ్వనిని మింగకపోగా కప్పులో చోటు ఆక్రమించి బేస్‌ను మార్చేస్తుంది.

మెత్త ఎంత పెట్టాలన్నది లెక్కలకు అందేది కాదు, కొంచెం కొంచెంగా పెంచుతూ వినాల్సిందే. తక్కువైతే డబ్బా శబ్దం పోదు. ఎక్కువైతే పాటలో ప్రాణం పోయి, తవిల్ దెబ్బకు, వీణ మీటుకు ఉండే చురుకు చస్తుంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండటం మాత్రం తప్పనిసరి. నగలు తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద రెండు దూది ఉండలను తూచి పెట్టడం మోడర్లలో మామూలు.

రంధ్రాలు, టేపులు

కంపెనీలు ఒకే అచ్చుతో రెండు మూడు ధరల సరుకు చేస్తాయన్నది బహిరంగ రహస్యం. సెన్‌హైజర్ హెచ్‌డీ 555 కప్పు విప్పినవాళ్లకు వెనక జాలీని కొంతమేర మూస్తూ అతికించిన ఒక స్పాంజి పట్టీ కనిపించింది. ధర ఎక్కువైన హెచ్‌డీ 595లో అది లేదు. పట్టీ పీకేస్తే గాలి స్వేచ్ఛగా బయటికి పోయి చవకది ఖరీదైనదానికి దగ్గరగా పలుకుతుందని చెప్పి చాలామంది ఆ పని చేశారు. తర్వాత వచ్చిన హెచ్‌డీ 518, హెచ్‌డీ 558లకూ ఇదే వైద్యం చేశారు. ఫలితం గురించి అప్పట్లో జరిగిన ప్రచారం కాస్త ఎక్కువే. తేడా ఉంటుంది, కానీ ఖరీదైన మోడల్ పూర్తిగా చేతికి రాదు. ఈ మోడ్‌లో మెచ్చుకోవలసింది మరొకటి ఉంది. పీకిన పట్టీని దాచుకుంటే ఎప్పుడైనా మళ్లీ అతికించవచ్చు. ఇంటి సవరణల్లో మంచీచెడూ నిర్ణయించే మొదటి గుణం ఇలా వెనక్కి తీసుకోగలగడమే.

రంధ్రాలను మూసే దిశలో వాడేది ఎక్కువగా మైక్రోపోర్ టేపు. మెడికల్ షాపులో గాయం కట్టుకు ఇచ్చే ఈ కాగితపు టేపులోంచి గాలి కొద్దికొద్దిగా పోతుంది. పూర్తిగా మూసే ప్లాస్టిక్ టేపుకూ, పూర్తిగా తెరిచిన రంధ్రానికీ మధ్య ఎన్నో మెట్లు కావాలంటే దీన్ని ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలుగా వేయవచ్చు. డ్రైవరు వెనక రంధ్రాల మీద గానీ, డ్రైవరు బిగించిన పళ్లెం చుట్టూ ఉండే రంధ్రాల మీద గానీ ఇలా వేస్తే అడుగు స్వరాల ఉబ్బు తగ్గుతుంది, లేదా మధ్య బేస్ బిగువెక్కుతుంది. ఏది జరుగుతుందన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. పైస్వరాలు మరీ చురుగ్గా ఉన్నప్పుడు డ్రైవరు ముందు ఒక పొర టిష్యూ కాగితమో పలచని ఫెల్టు చక్రమో పెట్టడం కూడా పాత ఉపాయమే. బేయర్‌డైనమిక్ డీటీ 990 లాంటి వాటికి దీన్ని ఎక్కువగా వాడతారు.

ఖరీదైన సరుకు కూడా దీనికి అతీతం కాదు. సెన్‌హైజర్ 2009లో తెచ్చిన హెచ్‌డీ 800కు 6,000 హెర్ట్జ్ దగ్గర ఒక ప్రతిధ్వని గుట్ట ఉండేది. కొన్నవాళ్లు డ్రైవరు చుట్టూ ఫెల్టు, అలమరా అరల్లో పరిచే రబ్బరు జాలీ షీటు ముక్కలు కత్తిరించి పెట్టి దాన్ని తగ్గించారు. కొన్నేళ్లకు ఆ కంపెనీయే అదే చోట ధ్వనిశోషకం అమర్చి హెచ్‌డీ 800 ఎస్ పేరుతో కొత్త రూపం విడుదల చేసింది.

టీ50ఆర్‌పీ

ఇంటి సవరణలకు అతి ఎక్కువగా గురైన హెడ్‌ఫోన్ ఏదంటే జపాన్ ఫాస్టెక్స్ కంపెనీ టీ50ఆర్‌పీ పేరే చెప్పాలి. ఇందులో గుండ్రటి పొర, తీగచుట్ట ఉండవు. పలచని పాలీఇమైడ్ పొర మీద రాగి దారిని సర్క్యూట్ బోర్డులా అచ్చు వేసి, ఆ పొరను రెండు వైపులా అయస్కాంతాల మధ్య నిలుపుతారు. పొర అంతా ఒకేసారి కదులుతుంది కాబట్టి వక్రీకరణ తక్కువ. స్టూడియోల కోసం చేసిన ఈ సాదాసీదా సరుకులో డ్రైవరు ధరకు మించిన నాణ్యత గలది, కప్పు మాత్రం పలచని ఖాళీ ప్లాస్టిక్ పెట్టె, కుషన్లు మరీ సన్నవి. మోడర్లకు ఇంతకన్నా ఏం కావాలి?

దీని మీద చేసే పని ఒక వరుసలో సాగుతుంది. మొదట కప్పు గోడలకు మైనపు ముద్ద అద్ది, దాని మీద బ్యూటైల్ పరుస్తారు. ఆపైన దూది లేదా ఉన్ని, డ్రైవరు వెనక ఒక ఫెల్టు ముక్క పెడతారు. డ్రైవరు పళ్లెంలోని ఖాళీలు కూడా మైనంతో పూడుస్తారు. చివరగా మందపాటి లెదర్ కుషన్లు తొడుగుతారు. కప్పు పక్కన కంపెనీ ఇచ్చిన గాలి సందును ఎంత మూయాలన్న దాని మీదే బేస్ అంతా ఆధారపడుతుంది, ఓపిక పరీక్షించేది కూడా అదే. ఒక్కో మెట్టు తర్వాత కప్పు మూసి విని, మళ్లీ విప్పాలి. ఒకేసారి అన్నీ చేసినవాళ్లకు ఏ మార్పు మేలు చేసిందో, ఏది చెరిచిందో ఎన్నటికీ తెలియదు.

ఈ ఒక్క హెడ్‌ఫోన్ సవరణ నుంచి కంపెనీలే పుట్టాయి. అమెరికాలో డాన్ క్లార్క్ మిస్టర్ స్పీకర్స్ పేరుతో సవరించిన టీ50ఆర్‌పీలను మ్యాడ్ డాగ్ అని అమ్మి, తర్వాత త్రీడీ ప్రింటింగ్ కప్పులతో ఆల్ఫా డాగ్ తెచ్చాడు. ఆ సంస్థ పేరు ఇప్పుడు డాన్ క్లార్క్ ఆడియో. చికాగోలోని జెడ్‌ఎమ్‌ఎఫ్ కూడా ఇదే హెడ్‌ఫోన్‌కు చెక్క కప్పులు బిగించడంతో మొదలై, ఇప్పుడు సొంత డ్రైవర్లతో చెక్క హెడ్‌ఫోన్లు చేస్తోంది.

తీగ

తీగ మార్చడం మీద ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. మీటరున్నర మంచి రాగి తీగ నిరోధం సాధారణంగా అర ఓం దాటదు. 32 ఓంల హెడ్‌ఫోన్‌కు దానివల్ల తగ్గే శబ్దం 0.15 డెసిబెల్ లోపే, చెవికి అందనిది. వెండి తీగ వేస్తే పైస్వరాలు మెరుస్తాయన్న మాట అమ్మేవాళ్లు చెప్పేదే తప్ప లెక్కకు నిలవదు. ఇయర్‌ఫోన్లలో చాలా డ్రైవర్లు కలిపి చేసిన రకాలకు మాత్రం ఇది పూర్తిగా వర్తించదు. వాటి నిరోధం పౌనఃపున్యంతో పాటు బాగా మారుతుంది కాబట్టి ఒకటి రెండు ఓంలు కూడా వాటి స్వరూపాన్ని మార్చగలవు.

అయినా తీగ పని నేర్చుకోదగినదే. హెడ్‌ఫోన్ చచ్చిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం జాక్ దగ్గర తీగ తెగడం. కప్పులో 3.5 మిల్లీమీటర్ల సాకెట్ బిగించి తీగను విడదీయగలిగేలా చేస్తే ఆ బెడద శాశ్వతంగా తీరుతుంది. పాత తీగలోని పోగులు విడివిడిగా వార్నిష్ పూసినవి. వాటి కొనలను వేడి సీసపు బొట్టులో కాసేపు ఉంచితే వార్నిష్ కాలి సీసం పట్టుకుంటుంది. గీకకుండా, కాల్చకుండా అతికితే అంటుకున్నట్టే కనిపించి మొరాయిస్తుంది. డ్రైవరు కొసల దగ్గర సోల్డరింగ్ ఐరన్ క్షణాల్లో పెట్టి తీసేయాలి. కింద ఉన్నది ప్లాస్టిక్, అందులో పాతుకున్నది వెంట్రుకంత తీగ. పైగా డ్రైవరు అయస్కాంతం ఇనుప స్క్రూడ్రైవరును చేతిలోంచి లాక్కుని నేరుగా పొర మీదకు గుచ్చుకునేలా చేస్తుంది. విప్పిన వెంటనే డ్రైవరు మీద ఒక గట్టి అట్టముక్క పెట్టడం పాత మెకానిక్కుల అలవాటు.

ఒక వైపు ప్లస్, మైనస్ తారుమారైతే పాట ఆగదు, అందుకే ఆ తప్పు చాలాకాలం బయటపడదు. బేస్ పలచబడి, గొంతు తల మధ్యలో కాకుండా ఎక్కడో చెదిరినట్టు ఉంటే ముందుగా చూడవలసింది ఇదే.

ఇయర్‌ఫోన్లు

చెవి నాళంలో పెట్టుకునే రకాల్లో సవరణకు చోటు తక్కువ. రబ్బరు టిప్పు పరిమాణం సరిగా ఉంటే సగం పని అయినట్టే. ఎడమ, కుడి చెవులకు వేర్వేరు సైజులు పట్టేవాళ్లు కూడా ఉంటారు. ఫోమ్ టిప్పులు బాగా మూస్తాయి, పైస్వరాలను కొంత మెత్తబరుస్తాయి. గొట్టం మూతిమీది సన్నని జాలీ గులిమితో పూడుకుంటే ఒకవైపు శబ్దం సన్నగిల్లుతుంది. కొత్త ఇయర్‌ఫోన్ కొనేముందు దాన్ని ఒకసారి చూడాలి. గాలి రంధ్రం మీద మైక్రోపోర్ టేపు వేస్తే బేస్ మారుతుంది గానీ, ముందువైపు రంధ్రాన్ని పూర్తిగా మూస్తే చెవిలో ఒత్తిడి మొదలవుతుంది.

ఈక్వలైజర్

కంప్యూటర్లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్ ఫోన్లో వేవ్‌లెట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఏ స్వరస్థాయినైనా తగ్గించవచ్చు, పెంచవచ్చు. కత్తెర, టేపు పట్టుకునే ముందు ఈ పని చేసి చూసుకోవడమే తెలివైన పద్ధతి. 8,000 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్ తగ్గిస్తే శబ్దం హాయిగా ఉంటే ఫెల్టు చక్రం పనిచేస్తుందని తెలుస్తుంది. ఎక్కడ తగ్గించినా హాయి రాకపోతే ఆ హెడ్‌ఫోన్‌కు దూది కూడా వైద్యం కాదు. బేస్ పెంచేటప్పుడు మొత్తం స్థాయిని అంతమేర తగ్గించాలి. 6 డెసిబెల్ పెంచితే వోల్టేజీ రెట్టింపవుతుంది కాబట్టి, అలా తగ్గించకపోతే శబ్దం చిరిగిపోతుంది. కుషన్ పక్కన గాలి పోతుంటే మాత్రం ఈక్వలైజర్‌తో బేస్ పెంచడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

వినడం, కొలవడం

చెవి జ్ఞాపకం చాలా పొట్టిది. కప్పు విప్పి, మెత్త పెట్టి, మళ్లీ బిగించేలోపు పాత శబ్దం ఎలా ఉండేదో మెదడు మరిచిపోతుంది. చేసిన శ్రమ మీది మమకారం మాత్రం మరువదు. దీనికి మంచి విరుగుడు ఒక్కవైపు కప్పునే ముందు సవరించి, మోనో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చే) పాట పెట్టి రెండు చెవులతో పోల్చడం. పాత తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మోనోలో రికార్డయినవే కాబట్టి ఘంటసాల పాట ఏది పెట్టినా పనికొస్తుంది. సవరించిన వైపు గొంతు ఎంత దగ్గరగా, ఎంత మొద్దుగా ఉందో వెంటనే తెలుస్తుంది. రెండో వైపు కూడా పూర్తయ్యాక అదే పాటలో గొంతు సరిగ్గా తల మధ్యలో నిలవాలి. ఒక పక్కకు లాగుతుంటే రెండు కప్పులూ సమానంగా లేవన్నమాట.

పైస్వరాలకు శ, ష, స అక్షరాలను మించిన పరీక్ష లేదు. 5,000 నుంచి 9,000 హెర్ట్జ్ మధ్య గుట్ట ఉంటే గాయకుడి ప్రతి సకారం సూదిలా గుచ్చుతుంది. తీగ మీటు చురుకు చూసుకోవాలంటే పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ రికార్డింగులు అనువైనవి. మెత్త ఎక్కువైన హెడ్‌ఫోన్‌లో ఆయన మీటు మొద్దుబారుతుంది. ఆయన వాద్యం కూడా సవరించినదే. జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు వేసుకుని కర్ణాటక గమకాలకు అనువుగా మార్చుకున్నాడు.

కొలవాలనుకునేవాళ్లకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక చిన్న మైకు చాలు. చదునైన చెక్కకు రంధ్రం చేసి మైకును అందులో మట్టసంగా బిగించి, పైన తోలు ముక్క పరిచి హెడ్‌ఫోన్ కప్పును దాని మీద పెడతారు. ఇలాంటి ఇంటి పరికరం ప్రయోగశాలలోని కృత్రిమ చెవికి సమానం కాదు, వచ్చిన రేఖను ఎవరి రేఖతోనూ పోల్చకూడదు. నిన్నటి రేఖకూ నేటి రేఖకూ తేడా చూడటానికి, ఎడమ కుడి సమానంగా ఉన్నాయో తెలుసుకోవడానికి అది సరిపోతుంది. కప్పును ప్రతిసారీ నాలుగైదుసార్లు తీసి పెట్టి సగటు చూడాలి. పెట్టిన తీరును బట్టే బేస్ రేఖ ఊగుతుంది.

విప్పకూడనివి

బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో లిథియం బ్యాటరీ ఉంటుంది. స్క్రూడ్రైవరు గుచ్చుకున్నా, సోల్డరింగ్ వేడి తగిలినా మంట లేవవచ్చు. బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ రకాల్లో లోపలి మైకు, సాఫ్ట్‌వేర్ ఒక నిర్దిష్ట కుషన్‌కు, ఒక నిర్దిష్ట కప్పు పరిమాణానికి సరిపడేలా అమర్చి ఉంటాయి. వేరే కుషన్ తొడిగితే ధ్వనితో పాటు రొద తగ్గించే శక్తి కూడా దెబ్బతిని, కొన్నిసార్లు ఈల వేస్తుంది. వీటికి కంపెనీ కుషనే వాడాలి. జపాన్ స్టాక్స్ వంటి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లలో పొర మీద 580 వోల్టుల స్థిర వోల్టేజీ ఉంటుంది. వాటికి కుషన్ మార్చడానికి మించి ఇంట్లో చేయదగిన పని లేదు.